పేరు పడని తలుపు

మస్కట్ పక్కన అల్ మవాలేలో కుళాయిలూ పైపులూ సింకులూ అమ్మే ఒక కంపెనీలో వీరబ్రహ్మం స్టోర్ కీపరు. ఊరు కడప జిల్లా మైదుకూరు. వడ్రంగుల ఇంట పుట్టినా చేతికి ఉలి కుదరలేదు. పదో తరగతి పాసై, ప్రొద్దుటూరు టింబర్ డిపోలో దుంగల కొలతలు రాసుకుంటూ బతికాడు. తొంభై ఎనిమిదిలో వడ్రంగి వీసా మీదే ఒమన్ వచ్చాడు. ఇతనికి రంపం పట్టడం రాదని వచ్చిన నెలకే ఫోర్‌మన్ కనిపెట్టేశాడు. వెనక్కి పంపేవాళ్ళే, కానీ డబ్బాల మీది ఇంగ్లీషు చదవగలడని తేలి స్టోర్లో కూర్చోబెట్టారు. అప్పటినుంచి అక్కడే. ఏ అరలో ఏ సైజు పైపుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఎవరినీ ఏదీ అడగడు. రూములో ఫ్యాను తన మంచం వైపు తిరక్కపోయినా అడగడు. కంపెనీ రెండేళ్ళకోసారి ఇచ్చే సెలవు మూడేళ్ళకు జరిగినా అడగడు. అడగడమనేది ఆయన ఒంటికి పడని పని.

రెండువేల ఏడు ఫిబ్రవరిలో కూతురు రాజేశ్వరి ఫోన్ చేసింది.

"నాయనా, అమ్మకు జ్వరం తగ్గలేదు. కడపలో ఆసుపత్రిలో చేర్చినాం. నువ్వు బయల్దేరు."

పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉంది. మేనేజరు స్టాక్ చెకింగ్ హడావిడిలో ఉన్నాడు. "నాలుగు రోజులు ఆగు, అయిపోగానే పంపిస్తా" అన్నాడు. వీరబ్రహ్మం "సరే సార్" అని తల ఊపి స్టోర్లోకి వచ్చేశాడు. జ్వరమే కదా, నాలుగు రోజుల్లో తనే తగ్గుతుంది అనుకున్నాడు. మూడో రోజు భార్య మల్లీశ్వరి పోయింది. ఆయన ఊరు చేరేసరికి అంతా అయిపోయి రెండు రోజులైంది.

కర్మకాండ ముగిశాక, చుట్టాలు ఒక్కొక్కరే బస్సులెక్కాక, రాజేశ్వరి వచ్చి తండ్రికి ఎదురుగా కూర్చుంది. అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు ఆ పిల్లకు.

"సెలవు అడిగినావా నాయనా?"

"అడిగినామ్మా."

"గట్టిగా అడిగినావా?"

వీరబ్రహ్మం నేలకేసి చూశాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికీ రాలేదు. రాజేశ్వరి కాసేపు చూసి, లేచి లోపలికి పోయింది. ఆయన మస్కట్ తిరిగొచ్చేదాకా ఆ ఇంట్లో అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల హైదరాబాదులో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగానికి చేరింది. ఫోను నంబరు మార్చేసింది. కొత్త నంబరు మేనమామ జయరాముడి దగ్గర ఉంది, కానీ "ఇవ్వొద్దని ఒట్టేయించుకున్యాది బావా, నేనేం జేసేది" అని ఆయన వాపోయాడు. వీరబ్రహ్మం రెట్టించలేదు. మామూలే.

కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఇమ్రాన్‌ది అదే కడప జిల్లా రాయచోటి. ముప్ఫై లోపు వయసు, గలగలా మాట్లాడే మనిషి. నెలకు నాలుగైదుసార్లు స్టోరు కంప్యూటరు బాగుచేసే మిషతో వచ్చి, జిల్లా మాటలు రెండు మాట్లాడి పోయేవాడు. అతనే ఒకరోజు స్నేహాల సైటొకటి చూపించాడు. అప్పట్లో మన దేశం పిల్లలంతా అందులోనే ఉండేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఫోటోలు పెట్టుకోవడం, ఒకరి పేజీ మీద ఒకరు స్క్రాపులని చిన్న చిన్న మాటలు రాసుకోవడం.

"అన్నా, నీ కూతురు పేరు కొట్టి చూద్దామా?" అన్నాడు ఇమ్రాన్.

ఆ పేరుతో చాలామంది వచ్చారు. మూడో తెరలో, మైదుకూరు అని ఊరు రాసి ఉన్న రాజేశ్వరి కనబడింది. తెల్లకోటు వేసుకుని నవ్వుతోంది. వీరబ్రహ్మం కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకున్నాడు. ఇమ్రాన్ ఏదో ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళాడు.

పేజీలు చూడాలంటే తనకూ ఒక పేజీ ఉండాలట. ఇమ్రాన్ తయారుచేసి పెట్టాడు. వీరబ్రహ్మం అని పేరు, ఊరు, అంతే. ఫోటో పెట్టలేదు. కూతురికి స్నేహం కోరుతూ కబురు పంపే మీట పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

అక్కడి కొట్లన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి నాలుగింటికి తెరుస్తారు. ఎండ నిప్పులు కక్కే ఆ మూడు గంటలూ అందరూ రూములకు పోయి పడుకుంటారు. వీరబ్రహ్మం మాత్రం డబ్బా విప్పి స్టోర్లోనే నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చునేవాడు. రాజేశ్వరి పేజీ తెరిచేవాడు. కొత్తగా ఏం రాసింది, ఎవరేం రాశారు, ఏం ఫోటో పెట్టింది. హాస్టల్లో నీళ్ళు రాలేదని రాస్తే ఆయనకు గొంతెండేది. జీతం పెంచారని స్నేహితురాళ్ళు స్వీట్లు అడిగితే తనకే పెంచినట్టు నవ్వుకునేవాడు. అలా ఎనిమిది నెలలు. రోజు మొత్తంలో ఆయన ఒక మనిషితో గడిపిన సమయం అదొక్కటే.

రెండువేల తొమ్మిది మార్చిలో ఇమ్రాన్ ఏదో మాటల సందర్భంలో అన్నాడు:

"నువ్వు చూసి పోయేది ఆయమ్మకు తెలుస్తాది గదా అన్నా."

"ఎట్ల తెలుస్తాది? నేనేమీ రాయలేదే."

"రాయాల్సిన పన్లేదు. ఎవరెవరు వచ్చి చూసినారో వాళ్ళ పేర్లు పక్కన పడతాయి. రోజూ నీ పేరు పడతానే ఉంటాది."

వీరబ్రహ్మం ముఖం పాలిపోయింది. తను ఎవరికీ కనబడకుండా వీధి చివర నిలబడి ఇంటివైపు చూస్తున్నాననుకున్నాడు. తీరా చూస్తే రోజూ పోయి తలుపు కొట్టి పేరు చెప్పి వచ్చాడన్నమాట, రెండొందల సార్లు పైగా! మాట్లాడొద్దన్న పిల్లను ఇంతగా వెంటాడానా అని సిగ్గుతో చచ్చిపోయాడు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఎంత విసుక్కుందో. ఏదో ఒకరోజు పేజీకి తాళం వేసేస్తుంది. అప్పుడు ఇంక ఏమీ ఉండదు.

"పేరు పడకుండా ఆపొచ్చన్నా, దానికో సెట్టింగుంది."

"ఆపినాక కూడా యాడన్నా పడితే?"

ఇమ్రాన్ తల గోక్కున్నాడు. "అయితే ఇంకో దోవ ఉంది. ఈ మధ్య ఆ సైటు కొత్త రూపం పెట్టినప్పటి నుంచి నీ పాత కంప్యూటర్లో తెరుచుకోడానికే పావుగంట పడతాంది కూడా. ఈడ పక్కన అజైబాలో నాకు తెలిసినాయన ఒకడున్నాడు, తన కోసరం ఒక ఉత్త పేజీ చేసుకున్నాడు. అది పోయి ఆ సైటులో ఉన్నది చదివి, మాటలు మాత్రం తెచ్చి చూపిస్తాది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. నువ్వు లోపలికి పోవు, అదే పోయి తెస్తాది. నీ పేరు యాడా పడదు."

"అట్ల చెయ్యప్పా. పుణ్యముంటాది" అన్నాడు వీరబ్రహ్మం.

మర్నాటి నుంచి ఆ పేరు పడని తలుపులోంచి చూడటం మొదలైంది. తెల్లటి తెర మీద బూడిదరంగు అక్షరాలు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళు అప్పటి పిల్లలు, అవన్నీ వరసగా ఒకదాని కింద ఒకటి వచ్చేవి. ఫోటో ఉన్నచోట చిన్న ఖాళీ గడి, అందులో 'చిత్రం' అని ఉండేది. క్షణంలో తెరుచుకునేది. మొదటి నాలుగు రోజులూ వీరబ్రహ్మానికి గుండెల మీంచి బరువు దిగినట్టే అనిపించింది. తను చూస్తున్నాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టడం లేదు.

ఆ తర్వాతే తెలిసింది వెలితి. మాటలున్నాయి, మనిషి లేదు. 'చిత్రం', 'చిత్రం', 'చిత్రం' అని మూడు గడులు వరసగా వచ్చిన రోజు, కింద స్నేహితురాళ్ళు "ఎంత బాగున్నావే" అని రాశారు. ఏ చీర కట్టుకుందో, ఎక్కడికి పోయిందో, చిక్కిందో ఒళ్ళు చేసిందో. కొత్తగా వచ్చిన గడి ఒకటి రెండు వారాలపాటు పేజీ పైననే ఉంది. దాని కింద ఒక్క మాటా లేదు. వీరబ్రహ్మం దాన్ని వేలితో తాకాడు. తెర వెచ్చగా ఉంది, అంతే.

ఏప్రిల్లో ఇమ్రాన్‌ను సలాలా బ్రాంచికి మార్చేశారు. పోతూ పోతూ కౌగిలించుకుని, "ఫోన్ చేస్తా బ్రహ్మమన్నా" అన్నాడు. ఒకసారి చేశాడు. స్టోరుకు కడప మాట రావడం ఆగిపోయింది. రూములో ఉన్న నలుగురూ నిజామాబాద్ వైపు వాళ్ళు, సైట్ పని, పొద్దున నాలుగున్నరకే బస్సెక్కేవాళ్ళు. వాళ్ళలో గంగన్న ఒక్కడే అప్పుడప్పుడు పలకరించేవాడు. "ఏందన్నా, ఎప్పుడు జూడు ఏదో పోగొట్టుకున్నోని లెక్క ఉంటవ్?" అని. వీరబ్రహ్మం నవ్వి ఊరుకునేవాడు.

జూన్ నెల మొదటి వారంలో, అలాగే అన్నం తిని కూర్చుని, పేజీ తెరిచాడు. రాజేశ్వరి తన పేరు కింద కొత్తగా ఒక వాక్యం రాసి పెట్టుకుంది:

'రోజూ వచ్చే మనిషి రావడం మానేసి రెండు నెలలు దాటింది.'

 ఎవరో కుర్రాడు ఉన్నాడేమో, మోసం చేశాడేమో అనుకున్నాడు వీరబ్రహ్మం. ఆ వాక్యం చూసి మహబూబీ అనే స్నేహితురాలు స్క్రాపు రాసింది. ల్యాబులో కలిసి పనిచేసే పిల్ల. 'ఎవరే ఆ మనిషి, మాకు చెప్పకుండా?'

ఆ సైటులో జవాబు రాయాలంటే అడిగినవాళ్ళ పేజీకి పోయి రాయాలి. కాబట్టి రాజేశ్వరి జవాబు మహబూబీ పేజీలో ఉంటుంది. అక్కడికి వెళ్ళాడు. ఇంగ్లీషు అక్షరాల్ని కూడబలుక్కుని, పెదాలు కదుపుతూ చదివాడు.

'మా నాయనే. మస్కట్‌లో ఉంటాడు. మేం మాట్లాడుకోము. కానీ రోజూ నా పేజీకి వచ్చి చూసి పోయేవాడు, పేరు కనపడేది. టీ టైముకు చూస్తే ఉండేది. అన్నం తిన్నాడన్నమాట అనుకునేదాన్ని. మార్చి నుంచి పేరు లేదు. నాకు విసుగొచ్చిందా, లేకపోతే ఆయనకేమన్నా అయ్యిందా తెలీదు. మామను అడగాలంటే మొహం చెల్లడం లేదు.'

'నాకు విసుగొచ్చిందా' అన్నచోట ఆ పిల్ల తప్పు రాసింది, 'నా మీద విసుగొచ్చిందా' అని ఆమె ఉద్దేశం. వీరబ్రహ్మం ఆ తప్పును కూడా నాలుగుసార్లు చదివాడు. తర్వాత ఒక పైపుల కట్ట మీద కూలబడ్డాడు. ఏడుపు రాలేదు. 

తన పేరు చూసి పిల్ల విసుక్కుంటోందని తను అనుకున్నాడు. ఆ పిల్లేమో ఆ పేరు చూసి తండ్రి అన్నం తిన్నాడని తెలుసుకునేది.

లేచి అసలు సైటు తెరవబోయాడు. నీలం పట్టీ ఒకటి వచ్చి ఆగిపోయింది. ఇరవై నిమిషాలు చూశాడు. ఆపి, మళ్ళీ తెరిచాడు. ఈసారి కంప్యూటరే బిగుసుకుపోయింది. మధ్యాహ్నం రెండైంది. స్టోరుకు తాళం వేసి ఎండలో పడ్డాడు. రోడ్డవతల, టైలరు దుకాణం పక్క సందులో నెట్ సెంటరు ఉంది. షట్టరు దించి ఉంది. అదీ నాలుగింటికే తెరుస్తారు. నీడ కోసం షట్టరుకు వీపు ఆనించి మెట్టు మీద కూర్చున్నాడు. రేకు వీపును కాల్చింది. ముందుకు జరిగి కూర్చున్నాడు. రెండు గంటలపాటు ఆ సందులో ఒక్క మనిషి నడవలేదు, ఒక పిల్లి ఏసీ నీళ్ళు కారే చోట పడుకుని ఉంది.

నాలుగు దాటి, నెట్ సెంటరు ఇంకా తెరవకముందే ఫోన్ మోగింది. మేనేజరు.

"వీరబ్రహ్మం, స్టోర్ తెరవలేదేం? కస్టమర్ వచ్చి నిలబడ్డాడు."

"గంట పడుతుంది సార్."

"గంటా? ఇప్పుడే రా."

"రాను సార్" అన్నాడు వీరబ్రహ్మం. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని తనకే అనుమానం వేసింది. "గంటకు వస్తా. ఇంటి పని. తాళం నా దగ్గరే ఉంది."

మేనేజరు "త్వరగా రా" అని పెట్టేశాడు. అంతే. ఆకాశం విరిగి పడలేదు. ఫోను జేబులో పెట్టుకుంటుండగా ఆయనకు రెండేళ్ళ కిందటి ఆ ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఆ రోజూ ఇంతే అయ్యుండేది కదా అనిపించింది. ఆ ఆలోచన దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయాడు.

షట్టరు లేచింది. నెట్ సెంటరు నడిపేది ఒక సింధీ మనిషి. మంచి కంప్యూటరు చూపించాడు. పాస్‌వర్డు గుర్తుంది, కూతురు పుట్టిన తేదీ. పేజీ తెరుచుకుంది, రంగులతో సహా.

మూడు నెలలుగా ఖాళీ గడులుగా ఉన్నవన్నీ నిండి ఉన్నాయి. రాజేశ్వరి ముక్కు కుట్టించుకుంది. చిక్కిపోయింది. ఒక ఫోటోలో మహబూబీతో కలిసి ఐస్‌క్రీం తింటోంది. రెండు వారాలు పైననే ఉండిపోయిన ఆ గడిలో, కింద ఒక్క మాటా లేని ఆ గడిలో, ఒక అట్టముక్క ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఫోటో తీసి పెట్టింది: 'బాగున్నావా?'

పేరు లేదు, ఎవరినన్నది లేదు. అడిగిందీ బొమ్మలోనే అడిగింది. ఆయన చూసే తలుపులో బొమ్మలు లేవు.

వీరబ్రహ్మం టేబులు అంచు పట్టుకున్నాడు. ఏదైనా రాద్దామని స్క్రాపు పెట్టె తెరిచి, వేళ్ళు మీటల మీద పెట్టి కూర్చున్నాడు. ఏం రాసినా అబద్ధంలాగో, ఏడుపులాగో కనబడింది. మూసేసి, లేచి, స్టోరుకు పోయి షట్టరు ఎత్తాడు. తన పేరు అక్కడ పడి ఉంటుంది. ప్రస్తుతానికి అది చాలనుకున్నాడు.

సెలవు రోజు, శుక్రవారం పొద్దున నెట్ సెంటరుకు పోయాడు. ముందు తన పేజీ వచ్చింది. వచ్చి చూసిపోయినవాళ్ళ పేర్లు పడే చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండి, ఆయన దాన్ని పట్టించుకునేవాడు కాదు. ఆ రోజు ఒక పేరుంది. రాజేశ్వరి.

పిల్ల వచ్చింది. వచ్చి ఏం చూసింది? ఫోటో లేదు, మాట లేదు, స్నేహితులు లేరు. కూర్చోవడానికి చాప కూడా వెయ్యని ఇల్లులా ఉంది తన పేజీ. వీరబ్రహ్మానికి అవమానంగా అనిపించింది. సింధీ ఆయన్ను పిలిచి, హిందీలో అడిగాడు, "భాయ్, నా ఫోటో ఒకటి తీసి ఇందులో పెడతావా?" ఆయన తన ఫోనుతో గోడ ముందు నిలబెట్టి తీశాడు. నెరిసిన మీసం, ముడతలు పడ్డ చొక్కా. తనను తాను తెర మీద చూసుకుని వీరబ్రహ్మం ఇంత ముసలివాణ్ణయ్యానా అని ఆశ్చర్యపోయాడు. సరే పెట్టమన్నాడు.

ఆ తర్వాత నాలుగు వారాలు అలాగే గడిచాయి. డ్యూటీకి ముందు, పొద్దున్నే తెరిచే సెంటరొకటి వెతికి పట్టుకుని, రోజూ పోయి ఆయన ఆ పిల్ల పేజీ చూసేవాడు. ఆ పిల్ల వచ్చి ఆయన పేజీ చూసేది. ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. పేర్లు మాత్రం పడేవి. అజైబా ఆయన ఉత్త పేజీని వీరబ్రహ్మం మళ్ళీ తెరవలేదు.

జూలైలో ఒక శుక్రవారం, స్క్రాపు వచ్చింది. ఆయన పేజీ మీద రాసిన మొట్టమొదటి స్క్రాపు.

'నాయనా, ఫోటోలో చానా చిక్కినావు. అప్పుడు తీసేసిన నీ నంబరు మామ మళ్ళీ ఇచ్చినాడు. ఇప్పుడే మాట్లాడలేను. మాట్లాడితే అమ్మ గురించే అడుగుతా, మళ్ళీ కోపమొస్తాది. కొన్నాళ్ళు పోనీ. నువ్వు మాత్రం రావడం మానొద్దు.'

వీరబ్రహ్మం మూడు గంటల సేపు కూర్చుని జవాబు రాశాడు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టాడు. సెలవు గట్టిగా అడగలేదని రాశాడు. భయమేసిందని రాశాడు. ఆ భయం దేనికో తనకే తెలీదని, తప్పు తనదేనని, క్షమించమని అడగడం లేదని రాశాడు. చివర 'రోజూ వస్తానమ్మా' అని పెట్టాడు. అది పోయిందని తెర మీద చూపించాక, సింధీ ఆయన టైం అయిపోయిందని చెప్పేదాకా అలాగే ఉండిపోయాడు.

బయటికొచ్చాక ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇమ్రాన్ నంబరు కొట్టాడు. స్విచాఫ్ అని వచ్చింది. రూములో ఎవరూ లేరు. గంగన్నావాళ్ళు ఓవర్‌టైంకు పోయారు. రోడ్డు పక్క టీకొట్టు దగ్గర ఆగాడు. అక్కడ టీ పోసేది ఒక బంగ్లాదేశ్ మనిషి, హిందీ అంతంత మాత్రం. కప్పు అందిస్తుండగా, కూతురి దగ్గరినుంచి ఉత్తరం వచ్చిందని వీరబ్రహ్మం హిందీలో అన్నాడు:

"మేరీ బేటీ కా ఖత్ ఆయా."

"అచ్ఛా అచ్ఛా" అన్నాడతను. అర్థమైందో లేదో గానీ పళ్ళు బయటపెట్టి నవ్వి, అడక్కుండానే టీలో ఇంకొక చెంచా పాలు పోశాడు.

వీరబ్రహ్మం కప్పు పట్టుకుని గోడ నీడలో నిలబడ్డాడు. కార్లు సీబ్ వైపు దూసుకుపోతున్నాయి. ఇంకా ఏదో చెప్పాలని ఉంది. తెలుగు తెలిసినవాళ్ళు ఎవరైనా నడిచి వస్తారేమోనని రోడ్డు కేసి కాసేపు చూశాడు. ఎవరూ రాలేదు. టీ తాగి, కప్పు ఇచ్చేసి, రూముకు నడిచాడు.